రికార్డు రాయడానికే సరిపోతోంది

బీటెక్ సీఎస్ఈ రెండో ఏడాదికొచ్చాం, ల్యాబ్‌లో ప్రోగ్రాములు రాయడానికి ఇంకా ఆ నీలం స్క్రీన్ టర్బో సీ ప్లస్ ప్లస్ సాఫ్ట్‌వేరే! 1998లో సీ ప్లస్ ప్లస్ భాషకి మొదటి ఐఎస్ఓ (అంతర్జాతీయ) ప్రమాణం రాకముందు నాటిది. అక్కడ అలవాటైన వాయిడ్ మెయిన్, ఐఓస్ట్రీమ్ డాట్ హెచ్ లాంటి పాతకాలం కోడ్ ఇంటికొచ్చి జీ ప్లస్ ప్లస్ అనే ఇప్పటి కంపైలర్‌లో కొడితే అన్నీ ఎర్రర్లే.

పైగా చేత్తో రాయాల్సిన ల్యాబ్ రికార్డు పుస్తకం ఒకటి. నిన్న రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని లింక్డ్ లిస్ట్ ప్రోగ్రామ్ రాశాను, కుడి పేజీలో పెన్నుతో కోడ్, ఎడమ తెల్ల పేజీలో పెన్సిల్‌తో అవుట్‌పుట్, తీరా చూస్తే ఒక్క లైన్ గీత పెట్టి కొట్టేశానని మేడమ్ పేజీ మొత్తం మళ్లీ రాయమన్నారు. ఆ కోడ్ రన్ అవుతోందా అని మాత్రం అడగలేదు. ల్యాబ్ టైమ్ సగం సంతకాల లైన్లోనే పోతోంది, నాన్న అప్పు చేసి ఫీజు కట్టింది దీనికా? మమ్మల్ని ఆ మూడు గంటలు సిస్టమ్ ముందు కూర్చోనివ్వండి చాలు.