మొదటి ఓనరు కట్టిన మూల్యం, రెండో ఓనరు చూసుకోవలసిన లెక్క

షోరూమ్‌లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాక సేల్స్ అబ్బాయి చేతికిచ్చే ఆన్‌రోడ్ కొటేషన్‌ను మనలో చాలామంది అడుగు నుంచి పైకి చదువుతాం. ముందు మొత్తం ఎంతో చూస్తాం, తర్వాత ఈఎంఐ ఎంతో అడుగుతాం, మధ్యలో ఉన్న వరుసలను పట్టించుకోకుండానే కాగితం మడిచి జేబులో పెట్టుకుంటాం. బీఎండబ్ల్యూ ఎక్స్3, మెర్సిడెస్ జీఎల్‌సీ, ఆడి క్యూ5, వోల్వో ఎక్స్‌సీ60 తరగతి బండి కొనేటప్పుడు కొత్తది తీసుకోవాలా, రెండు మూడేళ్ళు నడిచినది తీసుకోవాలా అన్న ప్రశ్నకు సగం సమాధానం ఆ మధ్య వరుసల్లోనే ఉంటుంది.

నాలుగో తరం ఎక్స్3 పెట్రోలు బండి 2025 జనవరిలో 75.80 లక్షల ఎక్స్‌షోరూమ్ ధరతో మన మార్కెట్లోకి వచ్చింది. రెండో తరం జీఎల్‌సీ 2023 ఆగస్టులో 73.5 లక్షలతో మొదలైంది. 2025 సెప్టెంబరు 22 వరకు ఈ తరగతి బండ్ల మీద జీఎస్టీ, సెస్సు కలిపి 50 శాతం దాకా ఉండేది. ఆ రోజు నుంచి సెస్సు పోయి 40 శాతం జీఎస్టీ ఒక్కటే మిగిలింది. ధరలు లక్షల్లో తగ్గాయని పండుగ చేసుకున్నవారు ఉన్నారు గానీ, అదే కాలంలో యూరో వంద రూపాయలు దాటడంతో విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించే కంపెనీల ఖర్చు పెరిగింది. పన్ను తగ్గింపు దెబ్బ నిజంగా తగిలింది 2024లో పాత ధరకు కొన్నవారికి. వాళ్ళు వీధిలోకి తెచ్చిన బండి విలువ, వాళ్ళ తప్పేమీ లేకుండా, ఒక్క రాత్రిలో పడిపోయింది.

లెక్క కోసం ఎక్స్‌షోరూమ్ 75 లక్షలు అనుకుందాం. మన రెండు రాష్ట్రాల్లో ఈ ధర బండ్లకు లైఫ్ ట్యాక్స్ విలువలో ఐదో వంతుకు దగ్గరగా ఉంటుంది. 18 శాతమే వేసుకున్నా పదమూడున్నర లక్షలు. బీమా, రిజిస్ట్రేషన్, పది లక్షలు దాటిన బండి మీద వసూలు చేసే ఒక శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే ముందుగా పట్టుకునే ఆదాయపన్ను) కలిపితే మరో మూడున్నర లక్షలు. మొత్తం 92 లక్షలు. ఇందులో టీసీఎస్ ఆదాయపన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది. మిగతా పదహారు లక్షల పైచిలుకు బండిలో ఒక్క మేకుగా కూడా మారదు. ఇదే బండి మూడేళ్ళ తర్వాత, సర్వీసులన్నీ షోరూమ్‌లోనే చేయించిన రికార్డు ఉండి, యాక్సిడెంట్ లేకుండా ఉంటే 48 లక్షలకు పోయిందనుకుందాం. మొదటి ఓనరుకు ఏడాదికి పద్నాలుగున్నర లక్షలు కరిగిపోయినట్టు. 48కి కొన్న రెండో ఓనరు మరో నాలుగేళ్ళు వాడి 22కి అమ్మితే అతని నష్టం ఏడాదికి ఆరున్నర లక్షలు. వారంటీ అయిపోయిన బండి కాబట్టి మరమ్మతులకు ఏడాదికి రెండు లక్షలు అదనంగా వేసుకున్నా ఎనిమిదిన్నర దాటదు. పైగా రాష్ట్రం లోపల చేతులు మారితే మొదటి ఓనరు కట్టిన లైఫ్ ట్యాక్స్ బండితోపాటే వస్తుంది, మళ్ళీ కట్టనక్కర లేదు. ఈ అంకెలు బండిని బట్టి అటూ ఇటూ అవుతాయి గానీ వాటి మధ్య తేడా మాత్రం పెద్దగా మారదు.

డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో తిరిగొచ్చి హైదరాబాద్‌లో స్థిరపడే మనవాళ్ళు ఇక్కడే తడబడతారు. అక్కడ సుమారు 50 వేల డాలర్లకు దొరికే ఎక్స్3 మీద టెక్సాస్‌లో అమ్మకపు పన్ను 6.25 శాతం. చాలామంది అసలు కొనరు, మూడేళ్ళు లీజుకు తీసుకుని తిరిగి ఇచ్చేస్తారు. కొత్త బండిలో తిరగడం అక్కడ నెలవారీ ఖర్చుల్లో ఒకటి. ఆ అలవాటుతో ఇక్కడికి వచ్చి మూడేళ్ళకోసారి బండి మార్చే పద్ధతి పెట్టుకుంటే, ప్రతిసారీ ఆ పదహారు లక్షలు ప్రభుత్వానికీ బీమా కంపెనీకీ సమర్పించుకోవలసిందే.

అలాగని కొత్తది కొనేవారంతా లెక్క రానివారని కాదు. కంపెనీ పేరు మీద కొనే డాక్టరుకో కాంట్రాక్టరుకో బండి మీద ఏటా 15 శాతం తరుగుదల, బీమా, అప్పు మీద వడ్డీ వ్యాపార ఖర్చుల్లోకి వెళ్తాయి. జీఎస్టీ క్రెడిట్ మాత్రం దొరకదు, ఈ సంగతి బండి తీసుకున్నాక తెలుసుకుని ఆడిటరు మీద విరుచుకుపడేవాళ్ళున్నారు. కొత్త బండికి బ్యాంకు వడ్డీ కూడా పాత బండి కన్నా రెండు మూడు శాతం తక్కువగా పడుతుంది. ఇక సొంత డబ్బుతో కొన్నా పదేళ్ళు వదలకుండా వాడుకునే మనిషికి మొదటి మూడేళ్ళ నష్టం పదేళ్ళ మీద పరచుకుంటుంది కాబట్టి కొత్తదే సుఖం. సొంత డబ్బుతో కొని, నాలుగైదేళ్ళలో మోజు తీరి అమ్మేసే ఉద్యోగి కొత్తది కొనడానికి మాత్రం నాకు ఒక్క ఆర్థిక కారణమూ కనిపించదు. ముచ్చట అన్నది వేరే సంగతి, దానికి లెక్కలుండవు.

రెండో చేతి బండి లాభమన్నాం కదా అని ఇంకా కిందికి దిగి, ఎనిమిది పదేళ్ళ బండిని క్రెటా ధరకు కొట్టేద్దామనుకోవడం దగ్గర అసలు ప్రమాదం మొదలవుతుంది. బండి ధర ఏటా తరుగుతుంది, విడిభాగాల ధర మాత్రం తరగదు. పదిహేను లక్షలకు కొన్న పాత ఎక్స్3కి గేర్‌బాక్స్ పని పడితే వచ్చే బిల్లు, డెబ్బై అయిదు లక్షల బండికి వచ్చే బిల్లే. ఒక ఉదాహరణ చెప్పాలంటే, 2014 వరకు వచ్చిన ఎక్స్3ల్లో ఎన్47 అనే రెండు లీటర్ల డీజిల్ ఇంజిన్ ఉండేది. దాని టైమింగ్ చైన్‌ను ఇంజిన్‌కు వెనక వైపు, గేర్‌బాక్స్‌ను ఆనుకుని పెట్టారు. చైన్ అరిగి గలగల మొదలైతే దాన్ని చేరడానికే ఇంజిన్‌నో గేర్‌బాక్స్‌నో దించాలి, అంటే చైన్ ఖరీదు కన్నా దాని దగ్గరికి వెళ్ళే కూలి ఎక్కువ. బోనెట్ ఎత్తి చూసే మామూలు మెకానిక్‌కు ఇవేవీ కనిపించవు.

కంటికి కనిపించనివాటిలో అన్నిటికన్నా చెడ్డది నీళ్ళలో మునిగిన బండి. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీలు మునిగాయి, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయింది, చెన్నై సంగతి చెప్పనక్కర లేదు. ఇలాంటి బండ్లను బీమా కంపెనీలు టోటల్ లాస్ (బాగుచేయించడం గిట్టుబాటు కానివి) కింద తీసుకుని వేలం వేస్తాయి. వాటిలో కొన్ని శుభ్రంగా తుడిచి, సీటు కవర్లు మార్చి, మళ్ళీ అమ్మకానికి వస్తాయి. కిందటేడు మా బావమరిది కోసం హైదరాబాద్‌లో పాత బండ్లు అమ్మిపెట్టే ఒక కన్సల్టెన్సీకి వెళ్ళినప్పుడు తెల్లటి జీఎల్‌సీ చూపించారు. పాలిష్ అద్దంలా ఉంది, లోపల సెంటు వాసన గుప్పుమంటోంది. నేను డ్రైవరు పక్క సీటు బెల్టును చివరికంటా లాగాను. అర గజం దాకా నల్లగా నిగనిగలాడిన పట్టీ, ఆ తర్వాత గోధుమ రంగు గీత ఒకటి అడ్డంగా కనిపించింది, దాని మీద గోరుతో గీస్తే ఎండిన ఒండ్రు పొడిపొడిగా రాలింది. సీటును పూర్తిగా వెనక్కి జరిపితే పట్టాల స్క్రూల మీద తుప్పు. కన్సల్టెన్సీ ఆయన ఏమాత్రం తొణక్కుండా "వానలో అద్దం దించి మర్చిపోయుంటారండీ" అన్నాడు. వాన సీటు బెల్టు చుట్ట లోపలికి ఎక్కి ఒండ్రు పెట్టదు. ఈ బండ్లలో కార్పెట్ కిందా డిక్కీ అడుగునా ఎలక్ట్రానిక్ యూనిట్లు, వైరింగ్ కట్టలు ఉంటాయి. ఒకసారి తడిసిన కనెక్టరు ఆర్నెల్లకో ఏడాదికో ఒక్కొక్కటే మొరాయించడం మొదలుపెడుతుంది, ఏ మెకానిక్కూ ఇదీ కారణమని తేల్చి చెప్పలేడు.

కిలోమీటర్ల రీడింగ్ వెనక్కి తిప్పే పని ఈ తరగతి బండ్లలో జరగదనుకోవడం కూడా భ్రమే. కాకపోతే ఇక్కడ పట్టుకునే దారులు కొంచెం ఎక్కువ. కిలోమీటర్ల లెక్క మీటరులోనే కాక ఇతర కంట్రోల్ యూనిట్లలో కూడా నమోదవుతుంది, బీఎండబ్ల్యూ తాళంచెవిలో సైతం ఉంటుంది. కంపెనీ వర్క్‌షాపులో కొంత డబ్బు కట్టి చదివిస్తే తేడా బయటపడుతుంది. టైరు గోడ మీద చివరి నాలుగంకెలు చూడండి. 3422 అని ఉంటే అది 2022లో 34వ వారంలో తయారైన టైరు. 2022 బండి ఇరవై వేల కిలోమీటర్లే తిరిగిందని చెబుతూ, నాలుగు టైర్లూ 2024వి అయితే పాతవి ఎక్కడ అరిగాయని అడగాలి. ఏజెన్సీ సర్వీస్ చరిత్ర పూర్తిగా లేని బండిని, ఎంత తక్కువకు వచ్చినా, నేను లెక్కలోకే తీసుకోను. వాడిన బండ్లను పరీక్షించి అమ్మడానికి కంపెనీలే నడిపే సర్టిఫైడ్ విభాగాల్లో ధర మూడు నాలుగు లక్షలు ఎక్కువ చెప్పినా, దానితో వచ్చే వారంటీ ఒక్క పెద్ద మరమ్మతుతో ఆ డబ్బు తిరిగి ఇచ్చేస్తుంది.

ఢిల్లీ నుంచి వచ్చే బండ్ల మీద మనవాళ్ళకు ఒక ఆశ ఉంది. జాతీయ రాజధాని ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిల్, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్ల మీద 2018లో సుప్రీంకోర్టు సమర్థించి, 2025లో కొంత సడలించిన నిషేధం వల్ల అక్కడ పాత డీజిల్ బండ్లు చవకయ్యాయి. చవకగా వచ్చిన బండికి అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకోవాలి, ఇక్కడ వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి, టీజీ నంబరు వచ్చేదాకా ఆర్టీఏ చుట్టూ తిరగాలి. ఇవన్నీ కలిపి చూస్తే మిగిలేది పెద్దగా ఏమీ ఉండదు.

డీజిలా పెట్రోలా అన్నది బండి రోజూ తిరిగే దారి తేల్చాలి. కొండాపూర్ నుంచి హైటెక్ సిటీకి ఆరు కిలోమీటర్లు, ముప్పావు గంట ట్రాఫిక్, ఇదే దినచర్య అయితే బీఎస్6 (ఇప్పటి కాలుష్య ప్రమాణాల) డీజిల్ బండి వద్దు. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు తనను తాను శుభ్రం చేసుకోవాలంటే ఎగ్జాస్ట్ బాగా వేడెక్కాలి, అందుకు ఇరవై నిమిషాలైనా నిలకడైన వేగంతో పోవాలి. వారానికోసారి ఔటర్ రింగు రోడ్డు ఎక్కే అలవాటు ఉన్నవాళ్ళకు ఇబ్బంది లేదు, లేనివాళ్ళకు ఫిల్టరు మూసుకుపోయి మీటరులో పసుపు దీపం వెలుగుతుంది. పెట్రోలు వైపు చూస్తే ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిపినది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండ్లలో అనేకం దానికి తగ్గట్టు చేసినవి కావు. అందువల్ల సెకండ్ హ్యాండ్ పెట్రోలు బండి చూసేటప్పుడు తయారీ నెల అడిగి, ఇంధనపు మూత లోపలి స్టిక్కరు, ఓనర్స్ మాన్యువల్ చూసుకోవడం మంచిది. ఆడి 2020లోనే మన దేశంలో డీజిల్‌ను వదిలేసింది కాబట్టి ఆ తర్వాతి క్యూ5 ఏది చూసినా పెట్రోలుదే.

ఇక ఇంటి సంగతి. ఎక్స్3 వెడల్పు 1.92 మీటర్లు, అద్దాలు కాక. పదిహేనేళ్ళ కిందట కట్టిన అపార్టుమెంటు సెల్లార్‌లో రెండు స్తంభాల మధ్య ఇది దూరుతుంది, డ్రైవరు తలుపు తెరుచుకుని బయటికి రావడమే కష్టం. పైగా ఇవన్నీ అయిదుగురి బండ్లు. అమ్మానాన్నలతో, పిల్లలతో తిరుపతి వెళ్ళాలనుకునే కుటుంబం ఆన్‌రోడ్ యాభై లక్షలు దాటే ఫార్చ్యూనర్ పై వేరియంట్‌కే మొగ్గుతోందంటే అందులో హోదా ఒక్కటే లేదు. ఏ జిల్లా కేంద్రంలోనైనా సర్వీసు, అమ్మబోతే గట్టి ధర ఉన్నాయి. జర్మన్ బండ్ల వర్క్‌షాపులు ప్రధానంగా హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోనే. కర్నూలులో ఉండే మనిషికి ప్రతి సర్వీసూ రెండు వందల కిలోమీటర్ల ప్రయాణం. బీఎండబ్ల్యూల్లో చాలాకాలం వచ్చిన రన్‌ఫ్లాట్ టైర్లు గాలి పోయినా మరో 80 కిలోమీటర్లు పోనిస్తాయి గానీ, గోడ చీలితే మాత్రం శ్రీశైలం ఘాట్‌లో రాత్రి పూట స్టెప్నీ లేని బండితో ఫ్లాట్‌బెడ్ కోసం ఎదురుచూడాల్సిందే. అందుకే జిల్లా పట్టణాల్లో ఉండేవారికి వారంటీ మిగిలి ఉన్న బండి తప్ప మరొకటి నేను చెప్పను.

తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకు 2026 డిసెంబరు 31 వరకు లైఫ్ ట్యాక్స్ లేదు, జీఎస్టీ కూడా అయిదు శాతమే. పై లెక్కలో మొదటి ఓనరు నెత్తిన పడిన భారంలో అధిక భాగం ఇక్కడ లేనే లేదు కాబట్టి, ఇంట్లో ఛార్జింగ్ సదుపాయం ఉన్నవారికి ఎలక్ట్రిక్‌లో కొత్తదే నయం. వాడిన ఎలక్ట్రిక్ బండ్ల మార్కెట్ ఇంకా కుదురుకోలేదు, బ్యాటరీ పరిస్థితికి ధర కట్టడం ఇంకా ఎవరికీ సరిగా చేతకాలేదు.

బండి కుదిరాక కాగితాల దగ్గర తొందరపడే అలవాటు ఒకటుంది. 9999 లాంటి ఫ్యాన్సీ నంబరు ఉందని లక్షో రెండు లక్షలో ఎక్కువ ఇవ్వడానికి వెనకాడనివారు, ఓనరు పేరు మార్చే 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని నెలల తరబడి సొరుగులో పడేస్తారు. థర్డ్ పార్టీ బీమా చట్టప్రకారం కొన్నవారికి దానంతటదే బదిలీ అవుతుంది, సొంత బండికి జరిగే నష్టం తాలూకు బీమా మాత్రం కాదు. 14 రోజుల్లోగా కంపెనీకి తెలిపి పేరు మార్పించుకోకపోతే క్లెయిమ్ నిలవదు. అమ్మినాయన తన నో క్లెయిమ్ బోనస్‌ను (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో దొరికే తగ్గింపును) కొత్త బండికి పట్టుకెళ్తాడు. ఆ తేడా ప్రీమియం కట్టాల్సింది రెండో ఓనరే కాబట్టి, అదెంతో ముందే కనుక్కుని బేరంలోనే తగ్గించమని అడగాలి.