జీరో నొక్కిన పాపం

పేలిన రైఫిల్ తూటా తాలూకు ఇత్తడి గొట్టాన్ని, అంటే కేసుని, మళ్లీ నింపి వాడాలంటే ల్యూబ్ (జారుడు నూనె) రాసి, కొలతకి తెచ్చే అచ్చు అయిన సైజింగ్ డైలోకి నొక్కాలి. అలా నొక్కితే నడుము సన్నబడుతుంది, ఆ ఇత్తడి మూతివైపు సాగుతుంది. .223 రెమింగ్టన్ అనే రకం తూటా కేసు పొడవు 1.760 అంగుళాలు దాటకూడదు. దాటితే మూతి, తుపాకీలో తూటా కూర్చునే ఛాంబర్ చివర ఇరుక్కుని బులెట్‌ని వదలదు, ప్రెషర్ పెరిగిపోతుంది. అందుకే 1.750కి కత్తిరిస్తారు, అదీ సైజింగ్ అయ్యాకే. ముందే కత్తిరించి తర్వాత సైజ్ చేసే మహానుభావులూ ఉన్నారు, వాళ్ల జోలికి ఇప్పుడు వద్దు.

కేసు కత్తిరించే ట్రిమ్మర్ తిప్పుతుంటే ఇత్తడి రజను రాలుతుంది. అందులో ఆవగింజలో అరవయ్యో వంతు తునక ఒకటి పొడవు కొలిచే కాలిపర్ దవడకి అంటుకుంది. మందం 0.006 అంగుళం. కంటికి ఆనదు. సరిగ్గా 1.750 ఉన్న కేసు ఇప్పుడు 1.756 చూపిస్తుంది. మనవాడు ట్రిమ్మర్‌ని అనుమానిస్తాడు. కోత ఎక్కడ ఆగాలో చూసే, బిగించిన కాలర్‌ని అలెన్ కీతో వదులు చేసి, అంగుళంలో ఆరు వెయ్యోవంతులు లోపలికి జరుపుతాడు. కాలిపర్ 1.750 అంటుంది. సగం డబ్బా కేసులు హాయిగా 1.744కి తెగుతాయి.

మధ్యలో ఖాళీ దవడలు మూస్తే, సున్నా చూపాల్సిన తెరమీద 0.006. ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఎవరూ ఆగరు, ఎందుకంటే జీరో బటన్ బొటనవేలికి అంత అందుబాటులో పెట్టారు. జీరో బటన్ అనేది ఏ కాగితం ముందు పెట్టినా చదవకుండా సంతకం చేసే గుమాస్తా. దవడల మధ్య ఏముందో దానికి అనవసరం, నొక్కితే సున్నా అంటుంది. అర వెయ్యోవంతు దాకా అంకెలు చూపే తెర పెట్టిన పెద్దమనుషులు, కొలత ఒక వెయ్యోవంతు అటూ ఇటూ కావచ్చన్న మాట మాత్రం కాగితం వెనక చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తారు. "ముందు దవడలు తుడవండి" అన్న ముక్క ఆ బటన్ పక్కన రాయడానికి చోటు దొరకలేదు కాబోలు.

జీరో నొక్కాక తునక రాలిపోయింది. ఇప్పుడు 1.744 కేసు 1.738 అంటోంది. గుండె జారి, కాలర్‌ని పన్నెండు వెయ్యోవంతులు వెనక్కి లాగుతాడు. మిగతా సగం 1.756కి తెగుతాయి, కాలిపర్ మాత్రం 1.750 అని ఒట్టేసి చెబుతుంది.

ప్రమాదమేమీ లేదు, రెండు రకాలూ 1.760 లోపే. కానీ కేసు మూతిని బులెట్ చుట్టూ బిగించే క్రింప్ డై ఒక్క ఎత్తుకే కుదురుతుంది: పొట్టివాటికి అందదు, పొడుగువాటిని మరీ నొక్కేస్తుంది. పొడుగువాటిని మళ్లీ కత్తిరించొచ్చు. పొట్టివి పేలి, సైజ్ అయి, వాటంతట అవే పెరగాలి.

రెండు రకాలూ ఒకే డబ్బాలో కలిసిపోయాయి కాబట్టి, ఇప్పుడు ఒక్కొక్కటీ కొలిచి వేరు చేయాలి. దేంతో? ఆ కాలిపర్‌తోనే.