సవరణ: కెన్ రీడ్ సంపుటాల్లో 'జోనా' లేదు

బ్రిటిష్ హాస్య కామిక్స్ చిత్రకారుడు కెన్ రీడ్ బొమ్మల కథలను పాఠకుల చందాలతో మళ్లీ అచ్చు వేసిన 'పవర్ ప్యాక్' రెండు సంపుటాల గురించి మొన్న రాశాను. వాటిలో 'జోనా', 'రోజర్ ది డాడ్జర్' కూడా ఉన్నాయన్నాను. అది తప్పు, సరిచూసుకోకుండా రాశాను.

ఆ రెండూ 'బీనో' అనే పిల్లల కామిక్ పత్రికలో వచ్చినవి, డీసీ థామ్సన్ ప్రచురణ సంస్థవి. ఈ సంపుటాల్లో ఉన్నవి 1960లలో ఓడమ్స్ సంస్థ పత్రికలకు ఆయన గీసినవి: 1964లో 'వామ్!'లో మొదలైన 'ఫ్రాంకీ స్టైన్', 'స్మాష్!'లో వచ్చిన 'క్వీన్ ఆఫ్ ది సీస్', 'పౌ!'లో వచ్చిన 'డేర్ ఎ డే డేవీ' వంటివి. పుస్తకాల విషయసూచిక చూశాక తెలిసింది.

ఆయన గీసిన మరో బొమ్మల కథ 'ఫేస్‌ఏక్' కూడా వీటిలో లేదు, దాన్ని రెబెలియన్ అనే ప్రచురణ సంస్థ విడిగా వేసింది. 'జోనా' కోసమే కొనాలనుకున్నవాళ్లు ఆగండి. నా మటుకు నాకు 'ఫ్రాంకీ స్టైన్' ఒక్కటి ఉన్నా ఆ డబ్బు దండగ కాదు.