గోడ మీది ఫ్రేము సరే, మినిట్స్ బుక్ చూపించండి

ఏ పెద్దాస్పత్రిలో అడుగుపెట్టినా ఎదురుగా గోడ మీద ఒక ఫ్రేము ఉంటుంది. విలువలు, కరుణ, పారదర్శకత, రోగే దేవుడు... ఇలా సాగుతుంది. అందులోని మాటలతో మాకు పేచీ లేదు. కానీ ఆ ఆస్పత్రి నీతి ఏపాటిదో తెలుసుకోవాలంటే మేం అడిగేది వేరే కాగితం. పై అంతస్తులో తలుపులేసుకుని జరిగిన బోర్డు మీటింగులో ఎజెండాలో మొదటి అంశం ఏమిటి, రోగుల భద్రత ఎన్నో నంబరులో ఉంది, దాని వంతు వచ్చేసరికి ఎంతమంది వాచీలు చూసుకుంటున్నారు, ఎవరైనా ఒక ఇబ్బందికరమైన ప్రశ్న అడిగితే అది మినిట్స్‌లోకి, అంటే మీటింగులో జరిగింది రాసుకునే పుస్తకంలోకి, ఎక్కిందా లేక 'చర్చించి ఆమోదించడమైనది' అనే ఒక్క లైనులో మునిగిపోయిందా... అవన్నీ ఉండే కాగితం.

వాషింగ్టన్‌లోని సిబ్లీ మెమోరియల్ ఆస్పత్రి కేసు ఈ విషయంలో పాఠంలాంటిది. 1960 నాటి నిబంధనల ప్రకారం అక్కడ ఒక ఫైనాన్స్ కమిటీ, ఒక ఇన్వెస్ట్‌మెంట్ కమిటీ ఉండాలి. కాగితం మీద ఉన్నాయి కూడా. కానీ 1971 దాకా ఒక్కసారి కూడా సమావేశం కాలేదు. ఒకరిద్దరు పెద్దలు చెప్పింది వినడం, గంగిరెద్దుల్లా తలూపడం, ఇంటికి పోవడం. ఈలోగా ఆస్పత్రి డబ్బు పెద్ద మొత్తంలో వడ్డీ రాని ఖాతాల్లో పడి ఉంది, అదీ కొందరు ధర్మకర్తలకు సంబంధం ఉన్న బ్యాంకుల్లోనే. 1974లో జడ్జి గెసెల్ తీర్పు చెబుతూ, వీళ్లు కుట్ర చేశారని అనలేదు. పట్టించుకోకపోవడమే బాధ్యతను ఉల్లంఘించడం అన్నారు. ఎవరినీ పదవిలోంచి తీసేయలేదు కానీ, వ్యాపార సంబంధాలన్నీ బయటపెట్టమన్నారు, పైగా వచ్చే 5 ఏళ్లలో బోర్డులోకి కొత్తగా వచ్చే ప్రతి సభ్యుడూ ఆ తీర్పు చదవాలని ఆదేశించారు. ఆ చివరి షరతు మాకు భలే నచ్చింది. బోర్డులో కుర్చీ అంటే శాలువా కప్పించుకోవడం అనుకునేవాళ్లకి అంతకంటే మంచి హోంవర్క్ ఉండదు.

అదంతా పాతకాలపు ముచ్చట అంటారా? 2019లో బాల్టిమోర్‌లో ఏం జరిగిందో చూడండి. ఆ నగర మేయర్ కేథరిన్ ప్యూ, మేరీలాండ్ విశ్వవిద్యాలయ ఆస్పత్రుల వ్యవస్థ బోర్డులో ఏళ్ల తరబడి సభ్యురాలు. ఆమె రాసిన పిల్లల పుస్తకాలను అదే ఆస్పత్రి వ్యవస్థ కొనింది, ఒకటీ రెండూ కాదు, లక్ష కాపీలు, 5 లక్షల డాలర్లకి. బడి పిల్లలకి పంచాల్సిన వాటిలో వేల కాపీలు గోదాంలో దొరికాయి. ఆమె పదవి పోయింది, 2020లో 3 ఏళ్ల జైలు శిక్ష పడింది. పత్రికలు ఆమె చుట్టూనే తిరిగాయి, సహజమే. మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది మాత్రం, 30 మంది ఉన్న ఆ బోర్డులో 9 మందికి అదే సంస్థతో ఏదో ఒక వ్యాపార లావాదేవీ ఉందన్న సంగతి. అలాంటి గదిలో ఎవరు ఎవరిని ప్రశ్నిస్తారు? నీది నేనడగను, నాది నువ్వడగకు. తిలాపాపం తలా పిడికెడు.

అయినా డబ్బు తినడం కనీసం కంటికి కనిపించే తప్పు, ఆడిటర్ ఎప్పుడో ఒకప్పుడు పట్టుకుంటాడు. ఎవరూ పైసా తినకుండానే ఆస్పత్రి చెడిపోవచ్చు, అసలు భయపడాల్సింది దానికే. ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్ ఆస్పత్రిలో 2005 నుంచి 2009 దాకా జరిగింది అదే. ఆ ఆస్పత్రిని నడిపే ప్రభుత్వ ట్రస్టు బోర్డుకి ఒకటే ధ్యాస, సొంత నిర్ణయాలకి ఎక్కువ స్వేచ్ఛ ఇచ్చే 'ఫౌండేషన్ ట్రస్ట్' హోదా రావాలి. దానికి ఖాతాలు చక్కగా కనిపించాలి, ఖర్చు తగ్గాలి. తగ్గించారు, సిబ్బందిని కూడా. 2008 ఫిబ్రవరిలో హోదా వచ్చింది. అదే రోజుల్లో కింద వార్డుల్లో రోగులు తడిసిన పక్కల మీదే గంటల తరబడి పడి ఉన్నారు. మంచినీళ్లు చేతికి అందని దూరంలో ఉంటే పూలకుండీలోని నీళ్లు తాగిన వాళ్ల గురించి కూడా కథనాలొచ్చాయి. అత్యవసర విభాగానికి వచ్చినవాళ్లలో ఎవరిని ముందు చూడాలో వైద్య శిక్షణ లేని రిసెప్షన్ సిబ్బంది తేల్చేవారు. మరణాల రేటు ఉండాల్సిన దానికంటే ఎక్కువగా ఉందని లెక్కలు వస్తే, రికార్డుల్లో జబ్బులకి వేసే కోడ్ నంబర్లు తప్పు పడి ఉంటాయిలే అనుకున్నారు. 2013లో రాబర్ట్ ఫ్రాన్సిస్ విచారణ నివేదిక 290 సిఫార్సులతో వచ్చింది. చేతులు కాలాక ఆకులు.

ఆ బోర్డులో రాక్షసులు ఎవరూ లేరు. మా పని వ్యూహం, రోజువారీ వ్యవహారాలు మేనేజ్‌మెంట్ చూసుకుంటుంది అనుకున్న మామూలు పెద్దమనుషులు. వాళ్లకి తెలియదా అంటే, తెలియని విధంగా ఏర్పాటు ఉంటుంది. ఒక ఫిర్యాదు కింద నుంచి పైకి ఎలా ఎక్కుతుందో ఊహించండి. ఒక కూతురు ఉత్తరం రాస్తుంది: 'అమ్మ మూడుసార్లు బెల్ కొట్టింది, ఎవరూ రాలేదు, నాలుగోసారి కొట్టడానికి సిగ్గుపడి దుప్పటి కప్పేసుకుంది.' వార్డు దాటేసరికి అది 'సేవల్లో జాప్యం' అవుతుంది. క్వాలిటీ విభాగంలో దానికి ఒక కేటగిరీ నంబరు పడుతుంది. బోర్డు ముందుకొచ్చేసరికి స్లైడు మీద ఒక ముక్క, గత త్రైమాసికం కంటే కాస్త తగ్గింది కాబట్టి ఆకుపచ్చ రంగు. దుప్పటి కప్పుకున్న ఆ అమ్మ ఏమైపోయింది? ఎవరూ అబద్ధం చెప్పలేదు చూడండి, ప్రతి మెట్టు దగ్గరా కొంచెం కొంచెం చెరిపారంతే.

కింద నుంచి ఒకడు గట్టిగా అరిచినా వినకపోవడం ఇంకో రకం. ఇంగ్లండ్‌లోనే బ్రిస్టల్ ఆస్పత్రిలో పసిపిల్లల గుండె ఆపరేషన్లు వికటిస్తున్నాయని స్టీఫెన్ బోల్సిన్ అనే, ఆపరేషన్లకి మత్తు ఇచ్చే డాక్టరు 1990లోనే చీఫ్ ఎగ్జిక్యూటివ్‌కి రాశారు. ఏళ్లు గడిచాయి. తర్వాతి విచారణ తేల్చింది ఏమిటంటే, 1991-95 మధ్య అక్కడ ఏడాదిలోపు పిల్లలు మామూలుగా ఊహించే దానికంటే 30 నుంచి 35 మంది ఎక్కువ చనిపోయారని. బోల్సిన్ దేశం వదిలి ఆస్ట్రేలియాలో ఉద్యోగం చూసుకున్నారు. 1998లో ఆ చీఫ్ ఎగ్జిక్యూటివ్ పేరును డాక్టర్ల రిజిస్టరులోంచి కొట్టేశారు. ఆయన ఏ ఆపరేషనూ చేయలేదు. తెలిసీ ఆపలేదు.

పేరున్నవాళ్లతో బోర్డు నింపితే సరిపోతుందన్న భ్రమ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. రక్తపరీక్షల కంపెనీ థెరనోస్ బోర్డులో కిసింజర్, జార్జ్ షుల్ట్జ్ లాంటి అమెరికా మాజీ విదేశాంగ మంత్రులే కూర్చున్నారు, పరీక్ష యంత్రం నిజంగా పనిచేస్తుందా అని గుచ్చి గుచ్చి అడిగే మనిషే కరువయ్యాడు. చెప్పినట్టు పనిచేయదని తర్వాత తేలింది.

మంచి ఉదాహరణ లేదా అంటే ఉంది. సియాటిల్‌లోని వర్జీనియా మేసన్ ఆస్పత్రిలో 2004లో ఒక రోగికి ఎక్స్‌రే రంగుద్రవం ఎక్కించాల్సింది పోయి చర్మం శుభ్రం చేసే మందు ఎక్కించారు. రెండూ చూడ్డానికి నీళ్లలాగే ఉంటాయి, గిన్నెల మీద లేబుల్ లేదు. ఆమె చనిపోయింది. లాయర్ల చాటున దాక్కోకుండా తప్పు మాదేనని ఆస్పత్రి బయటకి చెప్పింది, ఇకపై జరగకుండా పద్ధతులు మార్చుకుంది. పరువు పోతుందని భయపడే బోర్డులు ఒకసారి ఈ కథ వినాలి.

అందుకే కొత్త నియమావళి రాయించడానికి కన్సల్టెంట్లను పిలవకండి, ఉన్నవి చాలు. బోర్డు సభ్యుల వ్యాపార సంబంధాల జాబితా ఎవరైనా చూడగలిగేలా బయట పెట్టాలి, తన సంబంధం ఉన్న అంశం వచ్చినప్పుడు ఆ మనిషి ఓటు వేయకుండా ఊరుకోవడం కాదు, లేచి గది బయటకి వెళ్లాలి, వెళ్లినట్టు మినిట్స్‌లో రాయాలి. నర్సు అయినా, జూనియర్ డాక్టరైనా, సీఈవోని దాటి నేరుగా ఛైర్మన్ దగ్గరకి పోయే దారి ఒకటి ఉండాలి, ఆ దారిన పోయినవాడి ఉద్యోగం ఏడాది తర్వాత కూడా ఉందో లేదో బోర్డే కనుక్కోవాలి. సీఈవో బోనస్‌లో ఎంత భాగం లాభానికి ముడిపడి ఉంది, ఎంత భాగం రోగుల భద్రతకి అన్నది జనానికి చెప్పాలి (ఈ ప్రశ్న వేసిన ప్రతిసారీ గదిలో ఏసీ చప్పుడు కూడా వినిపిస్తుందని మా అనుమానం).

ఇవన్నీ ఒక్క రోజులో అయ్యేవి కావు, ఒప్పుకుంటాం. కానీ వచ్చే మీటింగులోనే చేయగలిగిన పని ఒకటుంది. ఆ నెల వచ్చిన ఫిర్యాదుల్లోంచి ఒక ఉత్తరం తీసుకుని, పేరు తీసేసి, సారాంశం చేయకుండా, రాసినవాళ్ల మాటల్లోనే, ఫైనాన్స్ రిపోర్టు కంటే ముందు ఒక బోర్డు సభ్యుడు పైకి చదవాలి. టైమ్ ఎక్కడిదండీ, ఎజెండా ఇప్పటికే నిండిపోయింది అంటారు. మేం చదివి చూశాం. రెండు పేజీల ఉత్తరానికి నాలుగు నిమిషాలు పట్టింది.