లోన్ కావాలా సార్?

అన్నంలో పప్పు కలుపుకుంటుంటే ఫోను. ఎడమ చేత్తో తిప్పలు పడి ఎత్తితే, "సార్, మీకు 5 లక్షల ప్రీ అప్రూవ్డ్ లోన్ ఉంది" అట! నేనడిగానా? ఇలాంటి కాల్స్ రాకుండా 1909కి ఫోన్ చేసి డీఎన్‌డీ పెట్టించుకుని ఏళ్లయింది. ప్రచార కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచే చేయాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రూలు, ఇవేమో మామూలు పది అంకెల మొబైల్ నంబర్ల నుంచి వస్తాయి, ఒకటి బ్లాక్ చేస్తే సాయంత్రానికి ఇంకోటి, అదే పాట. పోనీ ఎత్తకుండా ఉందామంటే, కొరియర్ అబ్బాయి అయితే? నిజంగా లోన్ కావాలని బ్యాంకుకెళ్తే మాత్రం జీతం స్లిప్పులు, జిరాక్సులు, సంతకాలు, చివరికి రేపు రండి! నిన్న ఒకమ్మాయి, వద్దమ్మా అంటే "ఎందుకొద్దు సార్?" అని నన్నే నిలదీసింది. ఈలోగా పప్పన్నం చల్లారిపోయింది.