రెనాల్డ్స్ అంటే ఒక్క నంబరేనా?

రెనాల్డ్స్ నంబరు మీద మీ వ్యాసం బాగుంది కానీ, ఇంజినీరు ఆస్బోర్న్ రెనాల్డ్స్‌ని ఆ ఒక్క నంబరుకే కట్టేశారు, అదే, ప్రవాహం నునుపుగా సాగుతుందా, సుళ్లు తిరుగుతుందా అని చెప్పే నంబరు. బీటెక్‌లో గొట్టంలో ఆ నంబరు 2000 లోపైతే లామినార్ (సుళ్లు లేని నునుపైన ప్రవాహం) అని బట్టీ పట్టి వదిలేశాం గానీ, 1883లో ఆయన గాజు గొట్టంలో పారే నీళ్లలోకి సన్నగా రంగు వదిలి, వేగం పెంచుతూ పోతే ఆ రంగు దారం ఎప్పుడు చెదిరిపోతుందో కళ్లారా చూశారు, ఆ పరికరం ఇప్పటికీ మాంచెస్టర్ యూనివర్సిటీలో ఉంది. కేంబ్రిడ్జ్‌లో లెక్కలు చదవకముందే వర్క్‌షాపులో పని నేర్చుకున్న మనిషి మరి! 1868లో, 26 ఏళ్లు నిండకుండానే, ఓవెన్స్ కాలేజీలో (తర్వాత మాంచెస్టర్ యూనివర్సిటీ అయింది ఇదే) ప్రొఫెసర్ అయ్యారు, 1905 దాకా మాంచెస్టర్‌లోనే. బేరింగులో పల్చటి నూనె పొర అంత బరువు ఎలా మోస్తుందో 1886లో లెక్కగట్టిందీ ఆయనే, అది రాయాల్సింది. అన్నట్టు ఆ నంబరుకి ఆయన పేరు తగిలించింది జర్మన్ భౌతిక శాస్త్రవేత్త సోమర్‌ఫెల్డ్, 1908లో.