రాయి వెచ్చబడే వరకు

సిబ్బందిని అదుపులో ఉంచడానికి వందల పేజీల సేవా నియమావళి రాసుకోవడం వృథా శ్రమ అనీ, జపానువారి సామెతలు నాలుగు గోడకు అతికిస్తే చాలుననీ యాజమాన్యాలకు సవినయంగా మనవి చేస్తున్నాను. జపాను జాతి ఔన్నత్యమంతా ఆ సామెతల్లోనే ఉందని వ్యక్తిత్వ వికాస ప్రసంగీకులు ఎలాగూ చెబుతున్నారు.

వారికి అత్యంత ప్రీతిపాత్రమైనది 'ఇషి నో ఉయె ని మో సన్‌నెన్'. చల్లని రాతి మీదైనా మూడేళ్లు కూర్చుంటే అది వెచ్చబడుతుందని భావం. రాయి వెచ్చబడేది కూర్చున్నవాడి ఒంటి వేడితోనే కదా అన్న చిన్న లెక్కను ఏ ప్రసంగీకుడూ ఎత్తడు. జపాను ప్రభుత్వం ఆ లెక్క కాస్త ఆలస్యంగా వేసింది. పనిభారంతో ప్రాణం పోవడానికి 'కరోషి' అనే మాట వాడుకలో స్థిరపడిన చాలా ఏళ్లకు, 2014లో దాని నివారణకు చట్టం వచ్చింది. 2018 నాటి సంస్కరణతో, పెద్ద సంస్థలకు 2019 ఏప్రిల్ నుంచి, ఓవర్‌టైం నెలకు 45 గంటలు, ఏడాదికి 360 గంటలు దాటరాదన్నారు. ప్రత్యేక పరిస్థితుల్లో ఏడాదికి 720 గంటల దాకా పోవచ్చని వెసులుబాటూ ఇచ్చారు. రాయి మనసు నొప్పించడం ఎవరికీ ఇష్టం లేదన్నమాట.

'ఏడుసార్లు పడు, ఎనిమిదిసార్లు లే' అన్నది ఇంకా గొప్పది. ఏడుసార్లు పడినవాడు లేవవలసింది ఏడుసార్లే. జీతం ముట్టని ఓవర్‌టైంను జపానులో 'సాబిసు జంగ్యో', అంటే సేవగా చేసే అదనపు పని, అంటారు గనుక ఆ ఎనిమిదవ లేవడాన్ని ఈ పద్దులో రాసుకోవచ్చునని నా అభిప్రాయం. ఎటు తోసినా లేచి కూర్చునే దరుమ బొమ్మ ఈ సామెతకు ప్రతీక. దరుమ మరెవరో కాదు, దక్షిణ భారతం నుంచి చైనా వెళ్లాడని సంప్రదాయం చెప్పే బోధిధర్ముడే. గోడకేసి చూస్తూ తొమ్మిదేళ్లు ధ్యానంలో కూర్చుంటే కాళ్లు చచ్చుబడి ఊడిపోయాయని కథ. రాతి సామెత అడిగినదానికి మూడింతలు కూర్చుని, కాళ్లు పోగొట్టుకుని, చివరకు లేవడంలో లోకానికి ఆదర్శమైనాడు. 'నేను లేస్తే మనిషిని కాను' అని కూర్చున్నచోటి నుంచే బెదిరించిన మన తెలుగువాడికి ఇంత గౌరవం దక్కలేదు.

పైకి పొడుచుకొచ్చిన గుంజకు దెబ్బలు తప్పవన్న సామెత కూడా గోడ మీద ఉండవలసిందే. (ఇంగ్లీషు మీదుగా మనకు చేరేసరికి ఆ గుంజ మేకుగా మారింది, సమ్మెట పట్టినవాడి పేరు మాత్రం రెండింటిలోనూ లేదు.) మరీ ఎత్తుగా పొడుచుకొచ్చిన గుంజను ఎవరూ కొట్టలేరని ఈ మధ్య కాలంలో దానికొక తోక తగిలించారు. ఆ తోకను కత్తిరించి అతికించాలి.

ఒక్క జాగ్రత్త అవసరం. ఇరోహా కరుత అని, అక్షరానికొక సామెత చొప్పున ముక్కలు పేర్చి, కొత్త సంవత్సరానికి పిల్లలు ఆడుకునే ఆట ఉంది. ఎదో (నేటి టోక్యో) నగరపు పెట్టెలో 'హొ' అక్షరం ముక్క మీద, ఎముకలు విరిగేలా పాటుపడితే నష్టమే మిగులుతుంది, దక్కే లాభం అలసట ఒక్కటే అని ఉంటుంది. ఏ ప్రసంగీకుడి చేతికీ ఇంతవరకు ఈ ముక్క పడినట్టు లేదు. అయితే కంపు కొట్టేదానికి మూత పెట్టమనే 'కు' ముక్క కూడా అదే పెట్టెలో ఉంది గనుక, దాన్ని తీసి 'హొ' ముక్క మీద బోర్లిస్తే సరిపోతుంది.